వెండితెర సలీము, చరిత్రలోని జహంగీరు

భారతీయ చలనచిత్రాలలో రాకుమారుల పాత్రలకు కొదువ లేదు. జానపద చిత్రాలలోని రాకుమారుడు కత్తి దూసి, గుఱ్ఱమెక్కి, మాంత్రికుని సంహరించి, రాకుమారిని చేపట్టి, కథ ముగియగానే మన స్మృతిపథం నుండి మెల్లగా జారిపోవును. ఒక్క షాహజాదా సలీము మాత్రం అట్లు జారిపోలేదు. ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో ఉర్దూ భాషలో అనార్కలీ నాటకాన్ని రచించిన తరువాత, 1928లో ఒకే సంవత్సరం రెండు మూకీ చిత్రాలు ఆ కథను తెరకెక్కించినవి. 1953లో ప్రదీప్ కుమార్ సలీముగా, బీనారాయ్ అనార్కలీగా హిందీ చిత్రం వచ్చినది. రెండేండ్లకే, 1955లో, వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో తెలుగు అనార్కలి విడుదలైనది. అందులో అక్కినేని నాగేశ్వరరావు సలీము, అంజలీదేవి అనార్కలి, ఎస్.వి. రంగారావు అక్బరు. 1960లో కె. ఆసిఫ్ నిర్మించిన మొగలె ఆజంలో దిలీప్ కుమార్ ధరించిన సలీము పాత్ర తక్కిన సలీములందరినీ మరపించినది. 1970ల చివర నందమూరి తారక రామారావు తాను అక్బరు వేషం వేసి, తన కుమారుడు బాలకృష్ణకు సలీము వేషమిచ్చి, అక్బర్ సలీం అనార్కలి చిత్రానికి దర్శకత్వం వహించినారు. తండ్రీకొడుకుల కథలో నిజమైన తండ్రీకొడుకులు నటించిన విశేషం ఆ చిత్రానిది.

ఇన్నిమార్లు తెరపై ప్రేమించి, ఇన్నిమార్లు తండ్రినెదిరించి, ఇన్నిమార్లు ప్రేయసిని పోగొట్టుకొన్న ఈ యువకుడు నిజముగా ఎవరు? మొగలె ఆజం చూచి కన్నీరు పెట్టుకొన్న విద్యార్థులలో ఎందరు ఈ సలీమే తరువాత 22 సంవత్సరాలు భారతదేశాన్ని ఏలిన జహంగీరు చక్రవర్తి అని గుర్తుంచుకొందురు? తెర మీది సలీము కథ యౌవనంతోనే ఆగిపోవును. చరిత్రలోని సలీము వృద్ధుడయ్యెను. తానే తండ్రి యయ్యెను. తన తండ్రి స్థానంలో తాను నిలువవలసి వచ్చినపుడు ఏమి చేసెనో చిత్రాలు మనకు చెప్పవు. ఆ చెప్పని భాగమే ఈ వ్యాసానికి ముఖ్య విషయము.

అక్బరు చక్రవర్తికి 27 ఏండ్ల వయస్సు వచ్చువరకు బ్రతికి బట్టకట్టిన కుమారుడు లేడు. 1564లో పుట్టిన కవలలు శైశవంలోనే కన్నుమూసినారు. ఆగ్రాకు పడమటగా సుమారు 25 మైళ్ళ దూరమున సిక్రీ గుట్ట మీద షేక్ సలీం చిష్తీ అను సూఫీ మహనీయుడు నివసించెడివారు. చక్రవర్తి ఆయనను దర్శించి దీవెన కోరినాడు. గర్భవతియైన రాణిని ప్రసవానికి ఆ ఫకీరు నివాసం చెంతకే పంపినాడు. 1569 ఆగష్టు 31న ఆమె మగశిశువును ప్రసవించినది. శిశువుకు ఆ మహనీయుని పేరే పెట్టినారు. తండ్రి మాత్రం ఆ పేరుతో పిలువక ముద్దుగా షేఖూ బాబా అని పిలిచేవాడు. కుమారుడు కలిగినచో అజ్మీరు దర్గాకు కాలినడకన వత్తునని మ్రొక్కుకొన్న అక్బరు, 1570 ఆరంభంలో ఆగ్రా నుండి అజ్మీరు వరకు నిజముగనే నడచి వెళ్ళినాడు. మరుసటి సంవత్సరం ఆ సిక్రీ గుట్ట మీదనే కొత్త రాజధాని నిర్మాణం మొదలైనది. ఒక పసివాని పుట్టుక కారణంగా ఒక నగరం వెలసినది! ఇంతటి ఆశతో కన్న బిడ్డ పైననే తరువాత ఇంతటి వైమనస్యం ఏల కలిగినదో ఆలోచించినకొలది విచారం కలుగును.

సలీము తల్లి అంబరు రాజైన భార్మల్ కుమార్తె. ఆమె బిరుదు మరియముజ్జమానీ. చిత్రాలలో ఆమెను జోధాబాయి అందురు గాని, ఆ కాలపు గ్రంథాలలో ఆమెకు ఆ పేరు కానరాదు. జోధపురపు ఆడపడుచు నిజానికి సలీము భార్యలలో ఒకతె. అత్తగారి పేరు, కోడలి పుట్టినిల్లు ఎట్లో కలగాపులగమై జనుల నోట స్థిరపడినవి. దుర్గాఖోటే నటన చూచిన తరువాత ఆ పేరు మార్చుకొనుటకు ఎవరికీ మనసొప్పదు, మాకును ఒప్పదు.

తెర మీది సలీము బాల్యంలో చెడు సావాసాలు మరిగి, తండ్రి ఆగ్రహానికి గురియై, పదునాలుగేండ్లు యుద్ధభూములలో గడిపి వీరుడై తిరిగివచ్చును. వాస్తవం దీనికి దాదాపు వ్యతిరేకము. సలీము అంతఃపురంలోనే గారాబంగా పెరిగినాడు. పారసీకం, తుర్కీ నేర్చినాడు. కవియు, సేనానియునైన అబ్దుర్రహీం ఖానెఖానా అతనికి సంరక్షకుడుగ నుండెను. దండయాత్రలకు వెళ్ళుమని తండ్రి ఆజ్ఞాపించినపుడు తప్పించుకొనుటకే అతడు చూచెడివాడు. వేటయందు, చిత్రకళయందు, పుష్పజాతులయందు గల ఆసక్తి అతనికి సేనల నడుపుటయందు లేదు.

మదిర విషయమును తానే దాచలేదు. పదునెనిమిదవ యేట వేటలో అలసియున్న సమయాన ఎవరో చిన్న పాత్రతో ఇచ్చిన మధువును రుచి చూచినాడు. కొన్నాళ్ళకు ద్రాక్షసారాయి మత్తు చాలలేదు. వడగట్టిన తీక్ష్ణమైన సారాయి ఇరవై పాత్రల వరకు సాగినది. చేతులు వణకి, పాత్రను ఇతరులు పట్టుకొని త్రాగించవలసిన దుస్థితి కలిగినది. హకీం హుమాం గట్టిగా హెచ్చరించిన పిమ్మట కొన్ని సంవత్సరాలలో క్రమంగా ఆరు పాత్రలకు తగ్గించుకొన్నాడు. నల్లమందు అలవాటు వేరే కలదు. ఈ వివరాలన్నియు చక్రవర్తి స్వయంగా పారసీకంలో రచించుకొన్న తన దినచర్య గ్రంథంలో ఉన్నవి. అతని తమ్ములు మురాదు 1599లోను, దానియాలు 1605లోను త్రాగుడు వలననే మరణించినారు. అక్బరు ముగ్గురు కుమారులలో ఇద్దరిని ఆ విధంగా పోగొట్టుకొనెను. మిగిలినవాడు సలీము ఒక్కడే.

ఇక అనార్కలీ సంగతి. ఈ విషయమై విద్యార్థులు మమ్ములను తరచుగా అడుగుదురు. అబుల్ ఫజల్ గాని, అక్బరును తీవ్రంగా విమర్శించిన బదాయూనీ గాని ఆమె పేరెత్తలేదు. తన వ్యసనాలను, నేరాలను కూడ దాచని జహంగీరు తన గ్రంథంలో ఆమెను గూర్చి ఒక్క అక్షరం వ్రాయలేదు. ఐతే లాహోరులో ఒక సమాధి కలదు. 1611 ప్రాంతాన లాహోరు చూచిన విలియం ఫించ్ అను ఆంగ్ల వర్తకుడు ఆ సమాధిని గూర్చి, అక్బరు అంతఃపుర స్త్రీని సజీవంగా గోడలో కట్టించిన కథను గూర్చి తాను విన్నది వ్రాసిపెట్టినాడు. ఆ సమాధి రాతిపై హిజ్రీ 1008, 1024 అను రెండు సంవత్సరాలు, అనగా 1599, 1615 చెక్కబడినవి. ప్రియురాలి ముఖం మరల చూడగలిగిన ప్రళయదినం వరకు దైవానికి కృతజ్ఞుడనై యుందునను భావముగల పారసీక ద్విపద ఒకటి, దాని క్రింద మజ్నూను వంటి సలీము, అక్బరు పుత్రుడు అను సంతకము కలవు. అది ఎవరి సమాధియో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. సలీము భార్యలలో ఒకరిది కావచ్చునని కొందరి మతము. కథ కల్పన కావచ్చును. ఆ రాతి మీది దుఃఖం మాత్రం కల్పన కాదు.

ఒక్క విషయాన్ని మాత్రం గట్టిగా చెప్పవచ్చును. రాతిపై నున్న మొదటి సంవత్సరం నాటికి, అనగా 1599 నాటికి, సలీము అవివాహిత యువకుడు కాడు. అతనికి ముప్పదేండ్లు. 1585లోనే అంబరు రాజు భగవంతదాసు కుమార్తె మాన్‌బాయిని వివాహమాడినాడు. 1587లో ఖుస్రూ, 1589లో పర్వేజు, 1592లో ఖుర్రం జన్మించినారు. పెద్ద కుమారునికి అప్పటికే పండ్రెండేండ్లు. తాతగారికి మనుమలపై అపారమైన ప్రేమ. ఖుర్రం అక్బరు భార్య రుఖయా బేగం పెంపకంలోనే పెరిగినాడు. తండ్రి తనను కాదని మనుమనికి సింహాసనం ఇచ్చునేమో యను శంక సలీమును లోలోపల దహించివేసినది. తండ్రీకొడుకుల మధ్య నిలిచినది నర్తకి కాదు, సింహాసనము. తెర దీనిని చెప్పదు. సింహాసనం కొరకు అలిగిన నడివయస్కుని కొరకు ప్రేక్షకులు టిక్కెట్టు కొనరు గదా.

1599లో అక్బరు దక్కను దండయాత్రకు బయలుదేరుచు సలీమును మేవాడు పైకి వెళ్ళుమని ఆదేశించినాడు. సలీము ఆ పనిని సగంలో వదలి 1600లో అలహాబాదు చేరి, అచ్చట ఖజానాను స్వాధీనం చేసికొని, తన అనుచరులకు జాగీర్లు పంచి, స్వతంత్ర ప్రభువువలె దర్బారు తీర్చినాడు. ఒకమారు పెద్ద సైన్యంతో ఆగ్రా వైపు బయలుదేరి ఇటావా వరకు వచ్చి, తండ్రి ఆజ్ఞ అందగానే వెనుదిరిగినాడు. మొగలె ఆజంలో ఏనుగులు, ఫిరంగులు, వేలాది సైనికులతో చూపిన తండ్రీకొడుకుల మహాయుద్ధం ఎన్నడును జరుగలేదు.

జరిగినది అంతకంటె దారుణమైనది. తండ్రికి ప్రాణమిత్రుడు, అక్బరునామా రచయిత, మహాపండితుడైన అబుల్ ఫజల్ దక్కను నుండి ఆగ్రాకు తిరిగివచ్చుచుండెను. ఆయన వచ్చినచో తండ్రి మనసు తన పట్ల ఇంకను విరిగిపోవునని సలీము భయపడినాడు. ఓర్ఛా వంశీయుడైన బీర్‌సింగ్ దేవ్ బుందేలాను పురికొల్పినాడు. 1602 ఆగష్టులో గ్వాలియరు సమీపాన దారికాచి అబుల్ ఫజలును వధించి, శిరస్సును అలహాబాదుకు పంపినారు. అక్బరు దుఃఖానికి మేర లేకపోయినది. హంతకుని పట్టుకొనుటకు సేనలను పంపినాడు గాని అతడు చిక్కలేదు. సలీము సింహాసనమెక్కిన తరువాత ఆ బీర్‌సింగుకు గొప్ప పదవినిచ్చి గౌరవించుటయే గాక, తానే ఆ పని చేయించితినని తన గ్రంథంలో సంకోచం లేకుండ వ్రాసికొన్నాడు. దిలీప్ కుమార్ కన్నులలోని ఆర్ద్రతను చూచి మురిసిన మనకు ఈ పుట చదువునపుడు మనసు చివుక్కుమనును.

చక్రవర్తి ఐనను తండ్రి తండ్రియే. ఉన్న ఒక్క కుమారుని వదలుకొనలేక, 1603లో సలీమా సుల్తాన్ బేగమును అలహాబాదుకు రాయబారిగా పంపినాడు. ఆమె నచ్చజెప్పి సలీమును వెంటబెట్టుకొని వచ్చినది. ఐనను అతడు మరల అలహాబాదుకే చేరి పూర్వపు తీరులోనే వర్తించినాడు. 1604లో అక్బరు తల్లి హమీదాబాను బేగం మరణించిన పిమ్మట సలీము ఆగ్రా వచ్చినాడు. నిండు సభలో ఆదరంగా స్వీకరించిన అక్బరు, లోపలి మందిరానికి తీసికొనిపోయి చెంపదెబ్బ కొట్టి, మదిర, నల్లమందు దొరకకుండ కొన్ని దినాలు గదిలో నిర్బంధించి వైద్యుని కాపలా పెట్టినాడు. ఎన్ని చిత్రాలు తీసినను ఈ దృశ్యాన్ని ఏ దర్శకుడును వాడుకొనకపోవుట మాకు ఆశ్చర్యమే. ముప్పదియైదేండ్ల కొడుకును గదిలో పెట్టి, మత్తు వదలువరకు ఆరాటపడిన ఆ తండ్రిలో ఫిరంగి ముందు నిలబెట్టిన తండ్రికన్న ఎక్కువ నాటకీయత లేదా?

ఈ కలహంలో నలిగిపోయినవారిని మరువరాదు. సలీము మొదటి భార్య మాన్‌బాయి, ఖుస్రూ తల్లి, భర్తకును కొడుకునకును మధ్య పెరుగుచున్న ద్వేషాన్ని చూడలేక అధికముగా నల్లమందు మ్రింగి ప్రాణాలు విడిచినది. ఆమె సమాధి అలహాబాదులో, తరువాత ఖుస్రూ బాగ్ అని పేరొందిన తోటలో ఉన్నది.

1605 అక్టోబరులో అక్బరు మంచం పట్టినాడు. ఆ దినాలలోనే సలీము ఏనుగుకును ఖుస్రూ ఏనుగుకును పోటీ ఏర్పాటైనది. అనుచరులు వాగ్వాదానికి, రాళ్ళు రువ్వుటకు దిగినారు. గవాక్షం నుండి చూచుచున్న ముసలి చక్రవర్తి కలతపడి, పదమూడేండ్ల మనుమడు ఖుర్రమును పంపి జగడం ఆపించినాడు. మామయైన అజీజ్ కోకా, మేనమామయైన రాజా మాన్‌సింగ్ ఖుస్రూ పక్షం వహించినను పెక్కుమంది ప్రభువులు సలీము వైపే నిలిచినారు. అంత్యక్షణాలలో అక్బరు సలీమును పిలిచి, తలపాగాను, ఖడ్గాన్ని ధరింపుమని సైగ చేసెనని చెప్పుదురు. నవంబరులో ఆగ్రా కోటలో పట్టాభిషేకం జరిగినది. తన పేరు రూం సుల్తానుల పేరును పోలియుండుట ఇష్టం లేక, లోకాన్ని వశపరచుకొనుట రాజుల పని గనుక, జహంగీరు అను నామాన్ని ఎన్నుకొన్నట్లు అతడే వ్రాసినాడు.

పట్టాభిషేకానంతరం అతడిచ్చిన మొదటి ఆజ్ఞ న్యాయశృంఖలమును గూర్చినది. మేలిమి బంగారంతో చేసిన ముప్పది గజాల గొలుసు. దానికి అరువది గంటలు. తూకము నాలుగు హిందూస్తానీ మణుగులు. ఒక కొన ఆగ్రా కోట షాహ్ బుర్జుకు, మరియొక కొన యమునాతీరాన నాటిన రాతి స్తంభానికి కట్టించినాడు. అధికారులు న్యాయం చేయనిచో బాధితుడు దీనిని కదిలించి తిన్నగా చక్రవర్తికే మొరపెట్టుకొనవచ్చును. ఈ గొలుసు నుండియే 1939లో సొహ్రాబ్ మోడీ పుకార్ చిత్రం పుట్టినది. రాణి బాణం వలన భర్తను పోగొట్టుకొన్న చాకలి స్త్రీకి చక్రవర్తి తన ప్రాణాన్నే ఒడ్డి న్యాయం చేయు ఆ కథ ఇతిహాసం కాదు, జనశ్రుతి. ఐనను మన పెద్దల నోట జహంగీరు న్యాయమను మాట సామెతవలె నిలిచినది.

ఆ గొలుసు కట్టి ఆరు నెలలు కాకమునుపే గంట మ్రోగించినవాడు కన్న కొడుకే. 1606 ఏప్రిలులో, తాతగారి సమాధిని దర్శించుకొనెదనను నెపంతో ఖుస్రూ ఆగ్రా కోట నుండి వెలువడి పంజాబు వైపు పరుగెత్తినాడు. లాహోరును ముట్టడించినాడు గాని పట్టుకొనలేకపోయినాడు. వెన్నంటి వచ్చిన సేనల చేతిలో ఓడి, చీనాబు నదిని దాటబోవుచు పట్టుబడినాడు. కాళ్ళకు సంకెళ్ళతో తండ్రి ముందు నిలిచినాడు. తాను కొన్నేండ్ల క్రిందట ఏ తప్పు చేసెనో ఆ తప్పే ఇపుడు కొడుకు చేసినాడు. తనకు తన తండ్రి చెంపదెబ్బతో, పదిదినాల నిర్బంధంతో సరిపెట్టినాడు. జహంగీరు ఏమి చేసినాడు? లాహోరుకు పోవు దారికి ఇరువైపుల కొయ్యలు నాటించి, ఖుస్రూ అనుచరులను కొరత వేయించి, ఆ వరుసల నడుమ కొడుకును ఏనుగు మీద త్రిప్పించినాడు. తన వారి సలాములను స్వీకరింపుమని పరిహాసం చేయించినట్లు చెప్పుదురు. ఖుస్రూకు ఆదరణ చూపెనను అభియోగంపై సిక్కుల అయిదవ గురువు అర్జున్‌దేవ్ అదే సంవత్సరం లాహోరులో బలియైనారు. ఆ చర్య వలన కలిగిన గాయం తరతరాలకు మానలేదు. 1607లో మరియొక కుట్ర బయటపడగా ఖుస్రూ కన్నులు పొడిపించినారు. కొంత చూపు తరువాత తిరిగివచ్చినదందురు.

న్యాయశృంఖలాన్ని, ఈ కొయ్యలను ఒకే చేయి నిలిపినది. రెంటిలో ఒకదానిని మాత్రమే చెప్పి రెండవదానిని దాచుట మాకు సమ్మతం కాదు. జహంగీరును దేవునివలె చూపు పుస్తకాలును కలవు, రాక్షసునివలె చూపు పుస్తకాలును కలవు. మేము రెండు పక్షాలను సమర్థింపలేము.

ఏలయన ఇదే మనుష్యుడు, ఒకనెల వయస్సు నుండి తాను పెంచిన సారస పక్షుల జంటకు లైలా, మజ్నూ అని పేరులు పెట్టి, అవి గ్రుడ్లు పెట్టుట, వంతులవారీగా పొదుగుట, పిల్లలను లేపుట దినదినము పరిశీలించి శాస్త్రజ్ఞునివలె వ్రాసిపెట్టినాడు. 1612లో ముఖర్రబ్ ఖాన్ గోవా నుండి సీమకోడిని తెచ్చినపుడు దాని తల రంగులు మారు తీరును వర్ణించి, దాని రూపం చిత్రింపుమని చిత్రకారుల నాజ్ఞాపించినాడు. ఉస్తాద్ మన్సూరు గీచిన పక్షుల చిత్రాలు నేటికిని పక్షిశాస్త్రజ్ఞుల మెప్పును పొందుచున్నవి. 1621లో జలంధరు ప్రాంతాన ఆకాశం నుండి పడిన లోహపుముద్దను త్రవ్వించి, తూచి, సాధారణమైన ఇనుముతో కలిపి కత్తులు చేయించినాడు. ఒక చిత్రంలో ముఖము ఒకరు, కన్నులు ఒకరు గీచినను ఏది ఎవరి కుంచెయో చెప్పగలనని గర్వించినాడు. ఉజ్జయినిలో ఇరుకైన గుహలో నివసించు గోసాయి జద్రూపు వద్దకు కాలినడకన వెళ్ళి, గంటల తరబడి వేదాంత చర్చ చేసి, సూఫీతత్త్వమునకును వేదాంతమునకును గల సామ్యాన్ని గ్రహించినాడు. తెర మీది సలీము చేతిలో గులాబీ పువ్వు ఉండును. చరిత్రలోని సలీము ఆ పువ్వు రేకులను లెక్కించియుండును.

1611లో మిహ్రున్నిసాను వివాహమాడుటతో రాజ్యంలో మరియొక శక్తి ఉదయించినది. నూర్‌జహాను పేర నాణెములు ముద్రించబడినవి. ఆమె తండ్రి ఇతిమాదుద్దౌలా, సోదరుడు ఆసఫ్ ఖాన్ రాజ్యకార్యాలను నిర్వహించినారు. ఆమె ప్రతిభను గూర్చి వేరే వ్యాసం వ్రాయవలసి యుండును గనుక ఇచ్చట విస్తరింపము. తన మొదటి వివాహం వలన కలిగిన కుమార్తెను ఆమె చిన్న షాహజాదా షహర్యారుకిచ్చి చేయుటతో ఖుర్రంలో పాత శంక, అనగా తన తండ్రి యౌవనంలో పడిన శంకయే, తలయెత్తినది.

అప్పటికి ఖుర్రం దక్కను విజయాలతో షాజహాను అను బిరుదు పొందియుండెను. అంధుడైన ఖుస్రూను తన వశం చేయుమని కోరి, వెంట బురహానుపురానికి తీసికొనిపోయినాడు. 1622 ఆరంభంలో ఖుస్రూ అచ్చట మరణించినాడు. కడుపునొప్పి వలన పోయెనని తండ్రికి వార్త పంపినారు. తమ్ముడే చంపించెనని లోకం నమ్మినది. అదే సంవత్సరం పర్షియా చక్రవర్తి షా అబ్బాసు కాందహారును ఆక్రమించినాడు. అచ్చటికి వెళ్ళుమన్న తండ్రి ఆజ్ఞను ఖుర్రం పాటింపక తిరుగుబాటు చేసినాడు. ఒకప్పుడు ముత్యాలతో, రత్నాలతో దోసిళ్ళు నింపి తల మీద పోసి ఆశీర్వదించిన కొడుకును ఇకమీదట భాగ్యహీనుడని మాత్రమే పేర్కొనవలెనని జహంగీరు ఆజ్ఞాపించినాడు.

ఈ ఘట్టంలో మన తెలుగుదేశానికి కొంత సంబంధం కలదు. ఉత్తరాన ఓడిన ఖుర్రం 1623లో భార్యాపిల్లలతో, మిగిలిన కొలది సేనతో కుతుబ్‌షాహీల గోలకొండ రాజ్యంలో ప్రవేశించి, మచిలీపట్నం మీదుగా ఒరిస్సాకు, అచ్చటి నుండి బెంగాలుకు సాగిపోయినాడు. ఆనాటి పరారీ షాహజాదాయే ఐదేండ్ల తరువాత చక్రవర్తియై తాజ్‌మహలును కట్టించినాడు. వెంటనున్న భార్య ఎవరో చెప్పనక్కరలేదు. మచిలీపట్నం దారిలో ముంతాజు డోలీ సాగిపోయిన సంగతిని ఏ తెలుగు నిర్మాతయు తెరకెక్కించలేదు.

1626లో ఖుర్రం లొంగిపోయి, తన కుమారులు దారాను, ఔరంగజేబును తాతవద్దకు తాకట్టుగా పంపినాడు. అదే సంవత్సరం సేనాని మహబత్ ఖాన్ జీలం నదీతీరాన చక్రవర్తినే బందీ చేసినాడు. నూర్‌జహాను ఏనుగునెక్కి నదిలోనికి దూకి యుద్ధం చేసినను ఫలించక, తానును భర్త చెంతకే బందీగా చేరి, నెలల తరబడి ఓర్పుతో ఉపాయం పన్ని భర్తను విడిపించినది. అప్పటికి జహంగీరు ఉబ్బసంతో క్షీణించియుండెను. తన దినచర్యను కూడ స్వహస్తంతో వ్రాయలేక, పాలన 17వ సంవత్సరం నుండి ముతమిద్ ఖానునకు అప్పగించియుండెను. 1627లో ఆరోగ్యం కొరకు తనకు ప్రియమైన కాశ్మీరుకు వెళ్ళినాడు. ఫలితం లేక లాహోరుకు తిరిగివచ్చుచు, అక్టోబరు 28న త్రోవలోనే కన్నుమూసినాడు. వయస్సు 58.

సింహాసనం ఖాళీ కాగానే ఆసఫ్ ఖాన్ తన అల్లుడు ఖుర్రం దక్కను నుండి చేరువరకు ఆ స్థానాన్ని నిలుపుటకు ఒక షాహజాదాను కూర్చుండబెట్టినాడు. అతడు ఖుస్రూ కుమారుడు దావర్ బఖ్ష్. 1628 జనవరిలో, ఖుర్రం ఆజ్ఞపై, అతడును షహర్యారుతోపాటు మరణశిక్ష పొందినాడు. అక్బరు ముద్దుల మనుమడు ఖుస్రూ వంశం ఆ విధంగా సింహాసనాన్ని కొలది దినాలు ముట్టి నేలకొరిగినది.

జహంగీరు సమాధి లాహోరు చెంత, రావీ నదికి ఆవల, షాహదరా తోటలో ఉన్నది. పాలరాతి సమాధిపై రంగురాళ్ళతో పువ్వులు, భగవంతుని తొంబదితొమ్మిది నామాలు పొదిగించినారు. 1645 వరకు జీవించిన నూర్‌జహాను సమాధియు అచ్చటికి దాపుననే కలదు; బ్రిటిషు వారి కాలంలో రెంటి నడుమ నుండి రైలుమార్గం వేసినారు. నదికి ఈవల, లాహోరు నగరంలో, మజ్నూను వంటి సలీము సంతకం గల ఆ రెండవ సమాధి ఉన్నది. ఆంగ్లేయులు దానిని కొంతకాలం చర్చిగా వాడి, 1891లో పంజాబు ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంగా మార్చినారు. సమాధిరాయిని మందిరం నడుమ నుండి తొలగించి ఒక ప్రక్కగా ఉంచినారు. పాత దస్తావేజుల బీరువాల నడుమ ఆ రాయి నేటికిని ఉన్నది.